పని ఇంటికే వచ్చింది.. ఖాతా ఎవరి పేరు మీద ఉంది?

"ఇంటి నుంచే పని. పర్దాకు ఇబ్బంది లేదు. నెలకు 30 వేలు." ఇలాంటి వాట్సాప్ ఫార్వర్డ్ రాని ఇల్లు హైదరాబాద్ పాతబస్తీలోనైనా, కర్నూలు, గుంటూరు, నిజామాబాద్‌లోనైనా ఇప్పుడు వెతికినా దొరకదేమో. ఆ మెసేజ్‌ల కింద ఈమధ్య ఎక్కువగా కనిపిస్తున్న పేరు వర్చువల్ అసిస్టెంట్. బీకాం, బీఎస్సీ, బీఈడీ చదివి ఇంట్లో ఉండిపోయిన అమ్మాయిలకు ఇది దారి చూపిస్తుందా? లేక ఇంకో మోసమా?

రెండూ నిజమే. పని నిజంగానే ఉంది. దాని చుట్టూ మోసం కూడా అంతే ఉంది. కానీ ఈ రెండింటి మధ్య అడగాల్సిన మూడో ప్రశ్న ఒకటి మిగిలిపోతోంది. ఆ పని, ఆ పేరు, ఆ డబ్బు ఎవరి ఖాతాలో జమ అవుతున్నాయి?

ఇంటి పని కొత్తదేమీ కాదు

ముస్లిం మహిళలు ఇంట్లో కూర్చుని సంపాదించడం ఇంటర్నెట్‌తో మొదలైంది కాదు. జస్టిస్ రాజిందర్ సచార్ కమిటీ 2006లో ఇచ్చిన నివేదిక ప్రకారం, పనిచేసే ముస్లిం మహిళల్లో దాదాపు 70 శాతం మంది తమ ఇంటి నుంచే పనిచేస్తున్నారు. దేశంలోని మహిళా కార్మికులందరినీ కలిపి చూస్తే ఈ సంఖ్య 51 శాతమే. నివేదిక వచ్చి దాదాపు రెండు దశాబ్దాలు అయింది గానీ, ఆ లెక్క దేని గురించో తెలుగు నేల మీద ఎవరికీ విడమర్చి చెప్పక్కర్లేదు.

పాతబస్తీ గల్లీల్లో జర్దోజీ, లాడ్ బజార్‌కు వెళ్లే లక్క గాజులు, అగరుబత్తీలు. నిజామాబాద్, జగిత్యాల వైపు బీడీలు. ఈ పనులన్నింటికీ పద్ధతి ఒక్కటే. ముడిసరుకు ఒకరు తెచ్చిస్తారు, తయారైన సరుకు వాళ్లే తీసుకెళ్తారు. వెయ్యి బీడీలకు ఇంత, ఒక చీరకు ఇంత. ఆ చీర బంజారాహిల్స్ షోరూంలో ఎంతకు అమ్ముడుపోయిందో కుట్టిన చేతికి తెలియదు. కొన్నవాళ్లకు కుట్టినామె పేరు తెలియదు. ఇరవై ఏళ్లు పనిచేసినా ఆమె దగ్గర "ఈ పని నేను చేశాను" అని చూపించడానికి కాగితం ముక్క ఉండదు.

బీడీ కార్మికులకు కొంత నయం. 1966లోనే వాళ్ల కోసం పార్లమెంటు ప్రత్యేక చట్టం చేసింది. పీఎఫ్ ఉన్న బీడీ కార్మికులకు తెలంగాణలో ఆసరా పింఛను వస్తుంది. అంటే కంప్యూటర్ ముందు కూర్చుని విదేశీ కంపెనీకి పనిచేసే డిగ్రీ అమ్మాయికి లేని రక్షణ, బీడీలు చుట్టిన ఆమె నాన్నమ్మకు ఉంది. వినడానికి వింతగా ఉన్నా ఇదే వాస్తవం. కొత్త పనిలోకి దిగే ముందు ఈ తేడా గుర్తుంచుకోవాలి.

అసలు ఏం చేయాలి?

వర్చువల్ అసిస్టెంట్ అంటే పెద్ద పేరే గానీ, పని ఆఫీసు గుమాస్తాదే. కాకపోతే ఆఫీసు వేరే ఊళ్లోనో, వేరే దేశంలోనో ఉంటుంది. యజమానికి వచ్చే ఈమెయిళ్లు చూసి జవాబులు ఇవ్వడం, మీటింగుల టైములు కుదర్చడం, ఇన్‌వాయిస్‌లు పంపి డబ్బు రాకపోతే గుర్తు చేయడం, ఆన్‌లైన్ షాపులో వస్తువుల ఫోటోలు, ధరలు ఎక్కించడం, కస్టమర్ల ఫిర్యాదులకు సమాధానం చెప్పడం, కాన్వాలో చిన్న చిన్న పోస్టర్లు చేయడం.. ఇవన్నీ ఇందులోకే వస్తాయి.

ఎవరు చేయించుకుంటారు? పూర్తి జీతానికి మనిషిని పెట్టుకోలేని చిన్న వ్యాపారులు. లండన్‌లో ఒంటరిగా కన్సల్టెన్సీ నడుపుకునే వ్యక్తి, టెక్సాస్‌లో డెంటల్ క్లినిక్, షార్జాలో విడిభాగాల దుకాణం. వాళ్లకు రోజుకు రెండు మూడు గంటల సాయం చాలు.

వచ్చిన చిక్కేమిటంటే, ఈ పనికి పోటీ పడేది పక్క వీధి అమ్మాయి కాదు. ఫిలిప్పీన్స్‌లో కాల్ సెంటర్ల అనుభవంతో ఇంగ్లిష్ ధారాళంగా మాట్లాడే లక్షల మంది ఈ రంగంలో చాలాకాలంగా ఉన్నారు. పాకిస్తాన్, బంగ్లాదేశ్, కెన్యా నుంచి కూడా తక్కువ రేటుకే చేస్తామని వచ్చేవాళ్లు ఉన్నారు. దానికి తోడు 2022 నవంబరులో చాట్‌జీపీటీ వచ్చాక కాపీ పేస్ట్, టైపింగ్, ఆడియో విని రాసిపెట్టడం లాంటి పనుల విలువ పడిపోతూ వస్తోంది. "టైపింగ్ వస్తే చాలు" అని ఇంకా ఎవరైనా చెబుతున్నారంటే, పదేళ్ల కిందటి మాట చెబుతున్నారనుకోవాలి. లేదా అబద్ధం చెబుతున్నారనుకోవాలి.

మిషన్ చేయలేనిది ఇంకా చాలానే ఉంది. కోపంగా ఉన్న కస్టమర్‌తో మాట్లాడి సర్దిచెప్పడం, లెక్క ఎక్కడ తప్పిందో పట్టుకోవడం, యజమాని మర్చిపోయింది గుర్తు చేయడం. అందుకే "అన్నీ చేస్తాను" అనే అమ్మాయి కంటే "ఈ ఒక్కటి బాగా చేస్తాను" అనే అమ్మాయికే నిలకడైన పని దొరుకుతుంది.

బీకాం వాళ్లకు ఒక దారి

తెలుగు రాష్ట్రాల ముస్లిం కుటుంబాలకు ఇక్కడ ఒక అనుకూలత ఉంది. గల్ఫ్.

యూఏఈ 2018 జనవరి 1 నుంచి 5 శాతం వ్యాట్ పెట్టింది. సౌదీ అరేబియా కూడా అదే రోజు 5 శాతంతో మొదలుపెట్టి, 2020 జులైలో దాన్ని 15 శాతానికి పెంచింది. 2021 డిసెంబరు నుంచి సౌదీలో ఇన్‌వాయిస్‌లు ఎలక్ట్రానిక్‌గానే ఇవ్వాలి. యూఏఈలో 2023 జూన్ తర్వాత మొదలైన ఆర్థిక సంవత్సరాల నుంచి 3,75,000 దిర్హమ్‌లు దాటిన లాభంపై 9 శాతం కార్పొరేట్ పన్ను కూడా వచ్చింది. అంతకుముందు నోటు పుస్తకంలో లెక్కలు రాసుకున్న చిన్న దుకాణదారు, ట్రావెల్స్ నడిపే అన్న, వర్క్‌షాప్ యజమాని ఇప్పుడు ప్రతి బిల్లూ సరిగ్గా ఎక్కించి తీరాలి. పూర్తికాల అకౌంటెంట్‌ను పెట్టుకునే స్తోమత అందరికీ ఉండదు.

టాలీ వచ్చిన బీకాం అమ్మాయికి ఇది తెలిసిన పనే. జీఎస్టీ ఎంట్రీలు నేర్చుకున్న వాళ్లకు వ్యాట్ ఎంట్రీలు అర్థం కావడానికి నెలలు పట్టదు. జోహో బుక్స్, క్విక్‌బుక్స్ లాంటివి అదనంగా నేర్చుకుంటే సరిపోతుంది. పన్ను రిటర్న్ మీద బాధ్యత అక్కడి వ్యాపారిదే. రోజువారీ ఎంట్రీ, బిల్లుల సర్దుబాటు, బాకీల జాబితా ఇక్కడి నుంచి చేయొచ్చు. ఉర్దూ, హిందీ, ఇంగ్లిష్ మూడూ మాట్లాడగలగడం గల్ఫ్ దుకాణాల్లో నిజంగా పనికొచ్చే నైపుణ్యం. దాన్ని బయోడేటాలో రాసుకోవడానికి మొహమాటపడాల్సిన పనిలేదు.

గడియారం కూడా కలిసొస్తుంది. దుబాయ్ మనకంటే గంటన్నర వెనక, రియాద్ రెండున్నర గంటలు వెనక. దుబాయ్‌లో ఉదయం 9 అంటే ఇక్కడ పదిన్నర. పిల్లలు స్కూలుకు వెళ్లాక మొదలుపెట్టి, జుహర్, అసర్ నమాజులకు లేచి, సాయంత్రానికి ముగించుకోవచ్చు. అదే న్యూయార్క్ అయితే అక్కడ ఉదయం 9 గంటలు ఇక్కడ వేసవిలో సాయంత్రం ఆరున్నర, చలికాలంలో ఏడున్నర. అంటే మగ్రిబ్ వేళకు పని మొదలై అర్ధరాత్రి దాటుతుంది. రంజాన్‌లో తరావీహ్ పని వేళల్లోనే పడుతుంది. బ్రిటన్ మధ్యస్థం, మన మధ్యాహ్నం ఒకటిన్నర లేదా రెండున్నరకు వాళ్ల రోజు మొదలవుతుంది. డాలర్ ఎక్కువ వస్తుందని అమెరికా పని ఒప్పుకునే ముందు, తెల్లారి సహరీకి లేచేది ఎవరో ఇంట్లో అందరూ కూర్చుని మాట్లాడుకోవాలి.

లెక్క వేసి చూద్దాం

ప్రకటనల్లో కనిపించే 30 వేలు ఎక్కడి నుంచి వస్తాయో ఒక ఉదాహరణ చూడొచ్చు. గంటకు 5 డాలర్లకు, వారానికి 20 గంటల పని దొరికిందనుకుందాం. నెలకు 400 డాలర్లు. అప్‌వర్క్ లాంటి వేదిక కాంట్రాక్టును బట్టి 15 శాతం దాకా కమీషన్ తీసుకుంటుంది. పది శాతం అనుకుంటే మిగిలేది 360. డబ్బు ఇండియాకు రావడానికి ఫీజు, మారకంలో కోత కలిపి ఇంకో 5 శాతం పోతే 342 డాలర్లు. డాలర్‌ను 85 రూపాయలుగా లెక్కిస్తే 29 వేల చిల్లర. ఫైవర్‌లో అయితే కమీషనే 20 శాతం, కాబట్టి చేతికొచ్చేది 26 వేల లోపే.

ఇంకా అయిపోలేదు. 35 వేల ల్యాప్‌టాప్‌ను రెండేళ్లకు సర్దితే నెలకు దాదాపు 1,450. ఇంటర్నెట్, కరెంటు పోతే బ్యాకప్, కలిపి నెలకు రెండున్నర వేల ఖర్చు. మిగిలేది 26,500. వారానికి జీతం వచ్చే 20 గంటలతో పాటు జీతం రాని గంటలు కూడా ఉంటాయి. కొత్త పనులకు దరఖాస్తులు రాయడం, ట్రయల్ కాల్స్, మెసేజ్‌లకు జవాబులు. అవి వారానికి 8 గంటలు అనుకుంటే నెలకు మొత్తం 112 గంటలు. గంటకు సుమారు 237 రూపాయలు పడుతుంది.

ఇది తక్కువేమీ కాదు. చిన్న ఊళ్లో ఉన్న డిగ్రీ అమ్మాయికి గౌరవమైన సంపాదనే. కానీ ఇది పని దొరికాక వేసిన లెక్క. మొదటి రెండు మూడు నెలలు ఒక్క రూపాయి రాకపోవచ్చు. అప్‌వర్క్‌లో దరఖాస్తు పెట్టడానికే 'కనెక్ట్స్' అనే టోకెన్లు కావాలి, ఒక్కోటి 0.15 డాలర్లు. ఒక దరఖాస్తుకు చాలాసార్లు పదికి పైగా పోతాయి. కాబట్టి ఇంటి కిరాయి, స్కూలు ఫీజు ఈ డబ్బు మీద ఆధారపెట్టుకుని మొదటి రోజే ఉన్న ఉద్యోగం మానేయడం తెలివైన పని కాదు.

మోసగాళ్లకు తెలిసిన బలహీనత

పార్ట్ టైమ్ ఉద్యోగాల పేరుతో జరిగే మోసాల గురించి తెలంగాణ సైబర్ సెక్యూరిటీ బ్యూరో, రెండు రాష్ట్రాల పోలీసులు చాలాసార్లు హెచ్చరించారు. వాటి రూపాలు మారినా వేళ్లు నాలుగైదే.

మొదటిది రిజిస్ట్రేషన్ ఫీజు. పని ఇచ్చేవాడు జీతం ఇస్తాడు, డబ్బు అడగడు. వెయ్యి రూపాయలైనా సరే, ముందు కట్టమంటే అక్కడితో ఆపేయాలి.

రెండోది డేటా ఎంట్రీ 'అగ్రిమెంటు'. ఫారాలు నింపమని ఇస్తారు, కావాలని చదవడానికి వీల్లేని ఫైళ్లు పంపిస్తారు. తప్పులు ఎక్కువయ్యాయి, ఒప్పందం ఉల్లంఘించావు, కోర్టు నోటీసు వస్తుంది, 10 వేలు కడితే కేసు ఉండదు అని వకీలు పేరుతో ఫోన్ వస్తుంది. పోలీసు, కోర్టు అనే మాటకే భయపడే ఇళ్లలో ఇది బాగా పారుతుంది. నిజమైన కోర్టు నోటీసు వాట్సాప్ బెదిరింపుతో మొదలవదు.

మూడోది టెలిగ్రామ్ టాస్కులు. వీడియోకు లైక్ కొడితే 50 రూపాయలు, హోటల్‌కు రేటింగ్ ఇస్తే 100. మొదట నిజంగానే ఇస్తారు. తర్వాత 'ప్రీపెయిడ్ టాస్క్' అని 5 వేలు, 20 వేలు, లక్ష వేయిస్తారు. స్క్రీన్ మీద లాభం కనిపిస్తుంది, చేతికి రాదు.

నాలుగోది అన్నింటికంటే ప్రమాదం. "మీ ఖాతాలోకి డబ్బు వస్తుంది, పది శాతం ఉంచుకుని మిగతాది పంపండి, అదే పని." లేదా "మీ ఫ్రీలాన్స్ ప్రొఫైల్ మాకు అద్దెకివ్వండి." మొదటి దాంట్లో వచ్చేది వేరేవాళ్ల దగ్గర దోచిన సొమ్ము. ఖాతా స్తంభిస్తుంది, పోలీసులు ముందు తలుపు తట్టేది ఖాతాదారు ఇంటికే. రెండో దాంట్లో ఆమె ఆధార్, ముఖం చూపించి పని చేసేది ఎవరో, ఏం చేస్తున్నారో ఆమెకు తెలియదు. నాకు తెలియదు అంటే చట్టం ముందు బయటపడటం అంత తేలిక కాదు.

ఈ నాలుగు మోసాలకూ ఒక్కటే బలం, అమ్మాయి మౌనం. "ఇంట్లో చెబితే పని మాన్పించేస్తారు, ల్యాప్‌టాప్ తీసేసుకుంటారు" అని భయపడి మూడు రోజులు దాస్తుంది. సైబర్ మోసంలో మొదటి కొన్ని గంటలే కీలకం. 1930కి ఎంత తొందరగా ఫోన్ చేస్తే డబ్బు మధ్యలో ఆగే అవకాశం అంత ఎక్కువ. కాబట్టి ల్యాప్‌టాప్ కొనిచ్చే రోజే అబ్బా, అమ్మీ, భాయ్ చెప్పాల్సిన మాట ఒకటుంది. "ఏదైనా తేడా జరిగితే ముందు మాకు చెప్పు, నిన్ను ఏమీ అనం." రాత్రిపూట అనవసరంగా ఫోటో అడిగే క్లయింట్ విషయంలోనూ ఇదే మాట పనికొస్తుంది. మాటలన్నీ వేదికలోని చాట్‌లోనే ఉంచడం, సొంత వాట్సాప్ నంబర్ ఇవ్వకపోవడం, సాక్ష్యంగా స్క్రీన్‌షాట్ తీసిపెట్టడం మామూలు జాగ్రత్తలు.

చట్టప్రకారం మోసం కానిది ఇంకొకటి ఉంది. 15 వేలు, 20 వేలు కట్టించుకుని 'వీఏ కోర్సు' అమ్మడం. నేర్పేదాంట్లో చాలావరకు ఉచితంగానే దొరుకుతుంది. కేంద్ర ప్రభుత్వ స్వయం పోర్టల్‌లో, గూగుల్, హబ్‌స్పాట్ లాంటి సంస్థల ఉచిత పాఠాల్లో మొదటి మెట్టుకు సరిపడా ఉంది. హైదరాబాద్‌లో సెట్విన్ కేంద్రాల్లో తక్కువ ఫీజుకు కంప్యూటర్ కోర్సులు ఉన్నాయి. కోర్సు అమ్మేవాళ్లను ఒక్క ప్రశ్న అడగాలి: "మీకు పని ఇచ్చే క్లయింట్లు ఎందరు, కోర్సు కొన్నవాళ్లు ఎందరు?"

పేరు, ముఖం, ఓటీపీ

ఇప్పుడు అసలు ప్రశ్నకు వద్దాం. చాలా ఇళ్లలో జరిగేది ఇదే. అమ్మాయి పనిచేస్తుంది, ప్రొఫైల్ భాయ్ పేరు మీద ఉంటుంది, పేపాల్ షౌహర్ పేరు మీద ఉంటుంది. "ఏముంది, అందరం ఒక్క ఇంట్లోనే కదా" అంటారు. నమ్మకం లేక అడిగే ప్రశ్న కాదిది. నష్టం మూడు రకాలుగా ఉంటుంది.

ఒకటి, పెద్ద వేదికలు ఒకరి ఖాతాను ఇంకొకరు వాడటాన్ని ఒప్పుకోవు. గుర్తింపు తనిఖీలో పేరు, ముఖం, బ్యాంకు ఖాతా కలవకపోతే ఖాతా మూసేస్తారు. అప్పటిదాకా జమ అయిన డబ్బు ఇరుక్కుపోతుంది.

రెండు, ఈ రంగంలో అసలు ఆస్తి డబ్బు కాదు, రేటింగ్. 50 మంది క్లయింట్లు ఇచ్చిన ఐదు నక్షత్రాలు ఉంటేనే తర్వాతి పని గంటకు 5 కాకుండా 10 డాలర్లకు దొరుకుతుంది. ఆ నక్షత్రాలు భాయ్ ప్రొఫైల్ మీద ఉంటే, నికా అయి కర్నూలు నుంచి హైదరాబాద్ వెళ్లిన రోజున ఆమె మళ్లీ సున్నా నుంచి మొదలుపెట్టాలి. జర్దోజీ చీర మీద పేరు లేని ఆమె అమ్మీకి, ఈమెకు తేడా ఏముంటుంది?

మూడు, షరియత్ కోణం. భార్య సంపాదన భార్యదే, ఇంటి పోషణ బాధ్యత భర్తదే అన్నది అందరూ ఒప్పుకున్న విషయం. ఆమె ఇష్టంతో ఇంటికి ఖర్చుపెడితే అది ఆమె మంచితనం, బాధ్యత కాదు. మక్కాలో సొంత వ్యాపారం నడిపిన హజ్రత్ ఖదీజా (రజి) గురించి పిల్లలకు గర్వంగా చెప్పే ఇళ్లలో, కూతురి సంపాదన ఆమె పేరు మీదే ఉండాలనడం కొత్త వాదనేమీ కాదు.

దారిలో రెండు చిక్కులు నిజంగానే ఉన్నాయి. మొదటిది పేరు స్పెల్లింగ్. టెన్త్ మెమోలో ఒక పేరు, ఆధార్‌లో చివర 'బేగం', పాన్‌లో తండ్రి పేరు, పెళ్లయ్యాక ఇంకో ఇంటిపేరు. విదేశీ వేదికల కంప్యూటర్‌కు ఇవన్నీ వేర్వేరు మనుషులే. పని వెతకకముందే ఆధార్, పాన్, బ్యాంకు మూడింట్లో పేరు ఒకేలా చేయించుకోవాలి. రెండోది ముఖం. గుర్తింపు తనిఖీకి కెమెరా ముందు ముఖం చూపించాల్సి రావచ్చు. హిజాబ్‌తో ఇబ్బంది లేదు, నిఖాబ్‌తో కుదరదు. పాస్‌పోర్టు ఫోటోకు ఒప్పుకున్న కుటుంబం దీనికీ ఒప్పుకోవచ్చా లేదా అన్నది ముందే తేల్చుకుంటే మధ్యలో గొడవ ఉండదు. వీడియో కాల్ లేకుండా చేసే పనులు చాలానే ఉన్నాయి. మొదట్లోనే ఆ మాట క్లయింట్‌కు మర్యాదగా చెప్పొచ్చు.

హలాల్, హరామ్ సంగతి కూడా పని తీసుకునే ముందే చూసుకోవాల్సింది. క్లయింట్ వ్యాపారం ఏమిటని అడగడం ఎవరికీ అవమానం కాదు. మద్యం, బెట్టింగ్, వడ్డీ వ్యాపారం అయితే వద్దనుకునే హక్కు ఫ్రీలాన్సర్‌కు ఉంటుంది. జీతం ఉద్యోగికి ఆ వెసులుబాటు అంతగా ఉండదు. ఇంకో మాట, క్లయింట్ ఇచ్చే పాస్‌వర్డులు, లెక్కలు అమానత్. వాటిని వాట్సాప్‌లో చెల్లెలికి పంపి "నా బదులు నువ్వు చేయి" అనడం కుదరదు.

సర్కారు కాగితాలు

2025 ఫిబ్రవరిలో ఆంధ్రప్రదేశ్ ముఖ్యమంత్రి చంద్రబాబు నాయుడు మహిళలకు పెద్ద ఎత్తున వర్క్ ఫ్రమ్ హోమ్ అవకాశాలు తెస్తామని ప్రకటించారు. తెలంగాణలో మహిళా వ్యాపారుల కోసం వీ హబ్ 2018 నుంచి నడుస్తోంది. దేశంలో పనిలో ఉన్న, పని వెతుకుతున్న మహిళల వాటా కేంద్ర సర్వే ప్రకారం 2017-18లో 23.3 శాతం, 2023-24లో 41.7 శాతం. మాటలు బాగున్నాయి, అంకెలూ పెరిగాయి. భద్రత మాత్రం అంత వేగంగా పెరగలేదు.

2025 నవంబరు 21 నుంచి అమల్లోకి వచ్చిన సామాజిక భద్రత కోడ్ గిగ్, ప్లాట్‌ఫామ్ కార్మికులను మొదటిసారి చట్టంలో గుర్తించింది. అగ్రిగేటర్ కంపెనీలు టర్నోవర్‌లో 1 నుంచి 2 శాతం వాళ్ల నిధికి ఇవ్వాలి. కానీ విదేశీ క్లయింట్‌తో నేరుగా మాట్లాడుకుని పనిచేసే అమ్మాయికి మధ్యలో అగ్రిగేటరే ఉండడు. ఆమెకు పీఎఫ్ లేదు, ప్రసూతి సెలవు లేదు, రేపటి నుంచి రావద్దంటే నోటీసు లేదు. కాబట్టి వచ్చిన దాంట్లో కొంత పక్కన పెట్టుకోవడం, ఒకే క్లయింట్ మీద మొత్తం ఆధారపడకపోవడం ఆమె సొంతంగా చేసుకోవాల్సిన ఏర్పాటు.

చేతిలో ఉన్న కాగితాలు మాత్రం వదులుకోకూడదు. ఉద్యమ్ రిజిస్ట్రేషన్ ఉచితం, దళారీకి డబ్బు ఇవ్వక్కర్లేదు. సేవల ఆదాయం ఏడాదికి 20 లక్షల లోపు ఉంటే సాధారణంగా జీఎస్టీ రిజిస్ట్రేషన్ అవసరం లేదు. 2025-26 నుంచి కొత్త పన్ను విధానంలో మొత్తం ఆదాయం 12 లక్షల దాకా రిబేటు వల్ల పన్ను పడదు. పన్ను పడదు కదా అని రిటర్న్ మానేయడం పొరపాటు. 4 లక్షలు దాటితే దాఖలు చేయడం తప్పనిసరి. దాటకపోయినా మంచిదే. రేపు వీసాకు, దుకాణం అద్దెకు, పిల్లల చదువుకు "నాకు ఆదాయం ఉంది" అని చూపించగలిగేది ఆ రిటర్నే. విదేశాల నుంచి డబ్బు వచ్చిన ప్రతిసారీ బ్యాంకు ఇచ్చే రసీదు, క్లయింట్‌కు పంపిన ఇన్‌వాయిస్ ఒకే ఫైల్లో పెట్టుకుంటే అడిగినప్పుడు వెతుక్కోనక్కర్లేదు.

నికా తర్వాత గల్ఫ్ వెళ్లేవాళ్లు ఇంకో జాగ్రత్త తీసుకోవాలి. డిపెండెంట్ వీసా మీద ఉండి సంపాదించడానికి అక్కడి పర్మిట్ నిబంధనలు వేరు. వెళ్లే ముందే కనుక్కోవాలి.

ఇంట్లో ఎవరైనా ఈ పని మొదలుపెడదామని అనుకుంటుంటే, కోర్సు గురించి, ల్యాప్‌టాప్ గురించి మాట్లాడే ముందు ఆమె బ్యాంకు పాస్‌బుక్ ఒకసారి తీసి చూడండి. ఖాతా ఆమె పేరు మీదే ఉందా? ఉంటే, ఓటీపీ ఎవరి ఫోన్‌కు వస్తోంది? చాలా ఇళ్లలో అది భాయ్ నంబర్‌కో, అబ్బా నంబర్‌కో వస్తుంటుంది. ఆ నంబర్ మార్పించడానికి బ్యాంకుకు ఒక్కసారి వెళ్తే చాలు, ఆధార్ పట్టుకుని ఆమే వెళ్లాలి. పని వెతకడం ఆ తర్వాత.